చాక్లెట్, అరటిపండు పొరల డెజర్ట్: మర్నాటికీ నీరు కారకుండా చేసే పద్ధతి

ఈ డెజర్ట్‌ని అప్పటికప్పుడు చేసి తినేస్తే ఎవరు చేసినా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష మర్నాడే. ఫ్రిజ్‌లోంచి తీసి ముక్క కోస్తే అడుగున బిస్కెట్ నానిపోయి ఉంటుంది, మధ్యలో అరటిముక్కలు నల్లబడి జారిపోతుంటాయి, పాత్ర మూలన రెండు చెంచాల నీళ్లు తేలి ఉంటాయి. రుచి ఫర్వాలేకపోయినా చూస్తే తినబుద్ధి కాదు.

ఈ తిప్పలన్నిటికీ కారణం నీరే. అరటిపండు గుజ్జులో దాదాపు 75 శాతం నీరు. పుడ్డింగ్‌లో పాలున్నాయి, పైన క్రీమ్ ఉంది. అడుగున ఉన్న బిస్కెట్ పొడి మాత్రం పూర్తిగా పొడిది, తడి ఎక్కడ దొరికితే అక్కడ పీల్చుకుంటుంది. పంచదార కూడా నీటిని తన వైపు లాగుతుంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి రాత్రంతా వదిలేస్తే నీరు ఊరుకోదు, పొర దాటి పొరలోకి పోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతిలో ప్రతి పనీ నీటిని ఉన్నచోటే ఆపడానికి చేసేది. ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలిస్తే తర్వాత కొలతలు మార్చుకున్నా, సరుకులు మార్చుకున్నా ఇబ్బంది ఉండదు.

పొరల వరుస

కింది నుంచి పైకి: వెన్న కలిపి అదిమిన బిస్కెట్ పొడి, దాని మీద పలచటి చాక్లెట్ పూత, సగం చాక్లెట్ పుడ్డింగ్, అరటిముక్కలు, మిగతా సగం పుడ్డింగ్, ఆపైన గిలకొట్టిన క్రీమ్. ఓవెన్ అక్కర్లేదు, గుడ్లు లేవు.

మామూలుగా చాలామంది అరటిముక్కల్ని బిస్కెట్ మీద నేరుగా పరుస్తారు, లేదా క్రీమ్ కింద పెడతారు. రెండూ నాకు నచ్చవు. బిస్కెట్ మీద పెడితే పండులోని తడి నేరుగా బిస్కెట్‌లోకి దిగుతుంది. క్రీమ్ కింద పెడితే గాలి బుడగల మధ్య పెట్టినట్టే, రంగు మారుతుంది. పుడ్డింగ్ మధ్యలో కప్పెట్టేస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి.

పాత్ర, సరుకులు

20 సెంటీమీటర్ల చదరపు పాత్ర, కనీసం 6 సెంటీమీటర్ల లోతు ఉన్నది తీసుకోండి. గాజుదైతే పొరలు బయటికి కనిపిస్తాయి. ఎనిమిది తొమ్మిది మందికి సరిపోతుంది.

బిస్కెట్ పొరకి: గోధుమపిండితో చేసిన డైజెస్టివ్ లాంటి సాదా బిస్కెట్లు 200 గ్రాములు, ఉప్పు లేని వెన్న 90 గ్రాములు, చిటికెడు ఉప్పు.

చాక్లెట్ పూతకి: డార్క్ చాక్లెట్ 60 గ్రాములు, వాసన లేని నూనె ఒక టీస్పూను.

పుడ్డింగ్‌కి: చిక్కటి పాలు 600 మిల్లీలీటర్లు, పంచదార 80 గ్రాములు, తియ్యదనం లేని కోకో పొడి 25 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 40 గ్రాములు (తెల్లగా, మెత్తగా ఉండే పిండి. పసుపు రంగు మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు), డార్క్ చాక్లెట్ 120 గ్రాములు, వెన్న 20 గ్రాములు, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు.

మధ్యలోకి మధ్యస్థం సైజు అరటిపండ్లు నాలుగు. తొక్క తీశాక 400 గ్రాములకి అటూఇటూగా ఉండాలి.

పైకి: 35 శాతం కొవ్వు ఉన్న విప్పింగ్ క్రీమ్ 300 మిల్లీలీటర్లు, పంచదార పొడి 25 గ్రాములు, కొంచెం వెనిలా. అలంకరణకి తురిమిన చాక్లెట్.

కోకో, కార్న్‌ఫ్లోర్ విషయంలో మాత్రం కప్పులూ చెంచాలూ నమ్మకండి. తక్కెడ ఉంటే వాడండి. కార్న్‌ఫ్లోర్ చెంచాని గోపురంగా తీస్తే ఒక బరువు, అంచుకి సమంగా తీస్తే ఇంకో బరువు. ఆ తేడా వల్లే ఒకసారి పుడ్డింగ్ కత్తికి తెగుతుంది, ఇంకోసారి చెంచాకి కూడా నిలవదు.

అరటిపండు ఎంత పండాలి

పండే కొద్దీ అరటిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది. దీనికి కావలసింది మధ్య దశ. తొక్క మొత్తం పసుపు, కొసల దగ్గర ఆకుపచ్చ లేదు, మీద గోధుమరంగు చుక్కలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. వేలితో నొక్కితే కొంచెం మెత్తగా ఉండాలి కానీ సొట్ట పడకూడదు.

ఆకుపచ్చ ఛాయ ఉన్న పండు నాలుకకి వగరుగా తగులుతుంది, చాక్లెట్ పక్కన మరీ చప్పగా ఉంటుంది. తొక్క సగం నల్లబడినది తియ్యగా ఉంటుంది కానీ కోసిన గంటలోనే నీరు వదలడం మొదలెడుతుంది. అలాంటివే ఇంట్లో ఉంటే ముక్కలుగా వాడకండి. ఒకదాన్ని మెత్తగా చిదిమి పుడ్డింగ్ పొయ్యి మీద ఉన్నప్పుడే కలిపేయండి, ఆ మేరకు పాలు 80 మిల్లీలీటర్లు తగ్గించండి. వాసన అద్భుతంగా వస్తుంది.

పండ్లు ఇంకా పచ్చిగా ఉంటే కాగితం సంచిలో, వీలైతే పండిన ఆపిల్ ఒకటి తోడు పెట్టి, మూతి మడిచి ఉంచండి. పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు సంచిలో నిలిచి త్వరగా పండుతాయి. కాయల్ని ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది. పండిపోయాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తొక్క నల్లగా అవుతుంది, లోపలి గుజ్జుకి ఏమీ కాదు.

ముక్కలు నల్లబడటం సంగతి. కోసినప్పుడు పండులోని ఒక ఎంజైము (పాలీఫినాల్ ఆక్సిడేజ్) గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగు మారుస్తుంది. ఆపడానికి దారులు రెండు: పులుపుతో ఎంజైము జోరు తగ్గించడం, గాలి తగలకుండా కప్పేయడం. అందరూ నిమ్మరసం దగ్గరే ఆగిపోతారు. మన పద్ధతిలో ముక్కలు రెండు వైపులా పుడ్డింగ్ మధ్య ఉంటాయి కాబట్టి నిమ్మరసం అవసరం లేదు, వేస్తే అనవసరపు తడి. అలంకరణకి పైన పెట్టే ముక్కలకి మాత్రం బ్రష్‌తో పలచగా రాయండి. ముక్కల మీద పంచదార చల్లే అలవాటుంటే మానేయండి, అది పండులోంచి నీటిని బయటికి లాగేస్తుంది.

చాక్లెట్

50 నుంచి 60 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ దీనికి సరిగ్గా సరిపోతుంది. 70 దాటితే అరటి తియ్యదనం ముందు చేదు మరీ పైకొస్తుంది, పుడ్డింగ్ కూడా గట్టిపడుతుంది. ప్యాకెట్ మీద కోకో బటర్ ఉందా, వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉందా చూడండి. రెండోది కాంపౌండ్ చాక్లెట్. కోకో బటర్ ఒంటి వేడి కన్నా కొంచెం తక్కువలోనే, సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే నోట్లో వెయ్యగానే జారిపోతుంది. కాంపౌండ్‌లో ఆ గుణం తక్కువ, నాలుక మీద మైనం పూసినట్టుంటుంది. అడుగు పూతకి అదైనా నష్టం లేదు. పుడ్డింగ్‌లోకి మాత్రం అసలైనదే వాడండి.

మొదటి పని: అడుగు పొర

బిస్కెట్లని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, లేదా సంచిలో వేసి చపాతీ కర్రతో కొట్టండి. ముతక ఇసుకలా ఉండాలి. పిండిలా అయితే అదిమినప్పుడు పలకలా గట్టిపడి కత్తికి తెగదు. కరిగించిన వెన్న, ఉప్పు వేసి చేత్తో కలపండి. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి.

ముక్కలు అందంగా పైకి తీయాలనుకుంటే పాత్రలో ముందే బేకింగ్ పేపర్ పరిచి రెండు వైపులా అంచులు బయటికి వదలండి. మిశ్రమం వేసి చదునైన గ్లాసు అడుగుతో అదమండి. మూలల దగ్గర ఇంకొంచెం గట్టిగా, ఎందుకంటే విరిగేది అక్కడే. ఫ్రిజ్‌లో 20 నిమిషాలు.

రెండో పని: చాక్లెట్ పూత

చాలా వంటకాల్లో ఈ పని కనిపించదు. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ఇదే ముఖ్యం. చాక్లెట్‌లో ఉన్న కొవ్వు నీటిని కిందికి దిగనివ్వదు. పొలానికి గట్టు వేసినట్టు అనుకోండి.

చాక్లెట్ చిన్న ముక్కలు చేసి, నూనె వేసి, వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. మైక్రోవేవ్ అయితే 20 సెకన్ల చొప్పున, మధ్యమధ్య కలుపుతూ. నూనె ఎందుకంటే, వట్టి చాక్లెట్ ఫ్రిజ్‌లో గాజుపెంకులా గట్టిపడుతుంది, కోసేటప్పుడు ఫట్‌మని విరిగి కింది బిస్కెట్‌ని కూడా చిందరవందర చేస్తుంది. ఒక్క చెంచా నూనెతో మెత్తగా తెగుతుంది.

చల్లగా ఉన్న బిస్కెట్ మీద పోసి చెంచా వెనక వైపుతో అంచుల దాకా పూయండి. మధ్యలో ఖాళీలు వదలకండి, నీరు వెతుక్కునేది ఆ ఖాళీనే. మళ్లీ ఫ్రిజ్‌లో 10 నిమిషాలు.

కరిగేటప్పుడు రెండు చుక్కల నీళ్లు పడితే చాక్లెట్ ఒక్కసారిగా ముద్దకట్టి మొద్దుగా అవుతుంది. కంగారు పడి పారేయకండి. పూతకి పనికిరాదు కానీ పుడ్డింగ్‌లోకి హాయిగా పనికొస్తుంది, వేడిపాలలో కరిగిపోతుంది.

మూడో పని: పుడ్డింగ్

అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందర పడకండి.

మందపాటి అడుగున్న గిన్నెలో పంచదార, కోకో, కార్న్‌ఫ్లోర్, ఉప్పు పొడిగానే కలపండి. పంచదార గింజలు మధ్యలో ఉండటం వల్ల పిండి ఉండలు కట్టదు. కోకోని జల్లించి వేస్తే ఇంకా మంచిది. ఇప్పుడు చల్లటి పాలు 100 మిల్లీలీటర్లు పోసి విస్క్‌తో నున్నటి పేస్ట్ చేయండి. ఆ తర్వాత మిగతా పాలు కొంచెం కొంచెంగా కలపండి. ముందే కాచిన వేడిపాలు పోస్తే పిండి పైపైన ఉడికి ఉండలు పడతాయి, తర్వాత ఎంత తిప్పినా కరగవు.

మధ్యస్థం సెగ మీద పెట్టి, గరిటెతో అడుగు, మూలలు గీకుతూ తిప్పుతూనే ఉండండి. మొదటి ఐదారు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి చిక్కబడుతుంది. ఫోన్ చూసుకునే సమయం కాదు, అడుగంటేది అప్పుడే. చిక్కబడగానే దించేయడం చాలామంది చేసే పని. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా ఉడకాలంటే మిశ్రమం బుడగలు రావాలి. మొదటి బుడగ వచ్చాక సెగ తగ్గించి ఇంకో నిమిషం నిమిషంన్నర ఉడికించండి. సరిగ్గా ఉడక్కపోతే పచ్చిపిండి వాసన వస్తుంది, రాత్రికి నీరు కూడా వదులుతుంది. అలాగని పది నిమిషాలు మరిగించి జోరుగా చిలక్కండి, ఉబ్బిన పిండి రేణువులు చితికి మళ్లీ పలచబడుతుంది.

దించి, తరిగిన చాక్లెట్, వెన్న, వెనిలా వేయండి. రెండు నిమిషాలు కదపకుండా వదిలి తర్వాత నెమ్మదిగా కలిపితే నిగనిగలాడుతూ నున్నగా వస్తుంది. ఉండలున్నాయని అనుమానం ఉంటే జల్లెడలో వడకట్టండి. ఇష్టమైతే ఇక్కడే ఒక టీస్పూను ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేయవచ్చు. కాఫీ రుచి విడిగా తెలియదు, చాక్లెట్ రుచి లోతుగా అనిపిస్తుంది. పిల్లలకి పెట్టేదైతే మానేయండి.

క్లింగ్ ఫిల్మ్‌ని పుడ్డింగ్ మీద నేరుగా అంటుకునేలా పరచండి. గిన్నె అంచుల మీద కప్పితే సరిపోదు, కింద మీగడ కడుతుంది, ఆవిరి నీళ్లై మళ్లీ అందులోనే పడుతుంది. గోరువెచ్చగా అయ్యేదాకా, 40 నిమిషాల దాకా పట్టవచ్చు, బయటే ఉంచండి.

ఈ గోరువెచ్చన అనేది చాలా కీలకం. మరీ వేడిగా పోస్తే అడుగున పూసిన చాక్లెట్ కరిగిపోతుంది, అరటిముక్కలు ఉడికినట్టు మెత్తబడతాయి. పూర్తిగా చల్లారనిస్తే పుడ్డింగ్ గట్టిపడి కూర్చుంటుంది. అప్పుడు దాన్ని తిప్పి పరిస్తే, ఒకసారి గట్టిపడిన అల్లిక తెగిపోయి మళ్లీ అంత గట్టిగా నిలవదు. గిన్నె బయట చెయ్యి పెడితే వెచ్చగా తగిలి, చురుక్కుమనకుండా ఉన్నప్పుడు సరైన సమయం.

నాలుగో పని: పేర్చడం

సగం పుడ్డింగ్‌ని చల్లటి అడుగు మీద పోసి సమంగా పరవండి. అరటిపండ్లు ఇప్పుడే, ఈ క్షణమే తొక్క తీయాలి. ముందే కోసి పెట్టుకుంటే ఇంత జాగ్రత్తా వృథా.

ముక్కలు 8 మిల్లీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరు మందం ఉండాలి. సన్నగా కోస్తే ఎక్కువ అందంగా ఉంటుందనిపిస్తుంది కానీ, కోసిన ముఖాలు ఎన్ని ఎక్కువైతే నీరు అన్ని చోట్ల నుంచి వస్తుంది. ఒకే వరసలో, ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న సందు వదిలి పరచండి. ఆ సందుల్లోకి పై పుడ్డింగ్ దిగి కింది పుడ్డింగ్‌తో కలిసిపోతుంది. సందు లేకుండా పేర్చినా, రెండు వరసలు వేసినా, కోసినప్పుడు పై సగం జారి పక్కకి పోతుంది. పాత్ర గోడకి ఆనించి ముక్కల్ని నిలబెడితే బయటినుంచి గుండ్రంగా కనిపిస్తాయి, చూడముచ్చటే. కాకపోతే గాజుకీ ముక్కకీ మధ్య గాలి చిక్కుకుంటే మర్నాటికి గోధుమరంగు వలయాలు తేలతాయి, కాబట్టి నొక్కి అంటించండి.

మిగిలిన పుడ్డింగ్ పోసి, ముక్కలు ఏవీ బయటికి కనిపించకుండా కప్పి, పాత్రని బల్ల మీద రెండుసార్లు తట్టండి. మళ్లీ క్లింగ్ ఫిల్మ్ అంటించి ఫ్రిజ్‌లో కనీసం 6 గంటలు. రాత్రంతా ఉంచితే ఇంకా మేలు.

ఐదో పని: క్రీమ్

క్రీమ్ వడ్డించే రోజే వేయండి. గిలకొట్టిన క్రీమ్ ఎంత బాగా వచ్చినా నిలవుండే కొద్దీ అడుగున నీరు దిగుతుంది.

క్రీమ్, గిన్నె, బీటర్ కాడలు మూడూ చల్లగా ఉండాలి. క్రీమ్ నురుగుగా నిలవడానికి కారణం అందులోని కొవ్వు. అది చల్లగా గట్టిగా ఉంటేనే గాలి బుడగల చుట్టూ పట్టు దొరుకుతుంది. కొవ్వు 30 శాతం లోపు ఉన్న క్రీమ్‌ని ఎంత కొట్టినా చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యస్థం వేగంతో కొట్టండి. బీటర్ గీతలు కనిపించడం మొదలవగానే పంచదార పొడి వేయండి. బీటర్ పైకి తీస్తే కొన వంగి నిలబడే దశలో ఆపాలి. ఇంకో అర నిమిషం కొడితే గరుకుగా, పసుపు ఛాయలో విరిగినట్టు అవుతుంది. అప్పటికి వెన్న తయారవడం మొదలైందన్నమాట. అక్కడే ఆపి, రెండు మూడు చెంచాల పచ్చి క్రీమ్ పోసి చేత్తో నెమ్మదిగా కలిపితే చాలాసార్లు దారికొస్తుంది.

కొన్ని గంటల ముందే వేసి ఉంచాల్సి వస్తే క్రీమ్‌తో పాటు 100 గ్రాముల మాస్కర్‌పోనే లేదా క్రీమ్ చీజ్ కలిపి కొట్టండి. అవి లేకపోతే ఒక టేబుల్‌స్పూను పాలపొడి కూడా కొంత తడిని పట్టి ఉంచుతుంది. పాలతో సంబంధం లేని నాన్ డైరీ విప్పింగ్ క్రీమ్ వేడి వాతావరణంలో బాగా నిలబడుతుంది, అయితే అందులో సాధారణంగా పంచదార ముందే ఉంటుంది. లేబుల్ చూసి, రుచి చూశాకే తీపి కలపండి.

పుడ్డింగ్ పైన ఎక్కడైనా తడి తేలి ఉంటే టిష్యూ పేపర్‌తో అద్ది, అప్పుడు క్రీమ్ పరవండి. తురిమిన చాక్లెట్ చల్లండి. కోకో పొడి చల్లాలనుకుంటే వడ్డించే ముందు చల్లండి, ముందే వేస్తే తడిసి మచ్చలు పడుతుంది.

కోసేటప్పుడు సన్నటి పొడవాటి కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్క గీతలో కిందిదాకా నొక్కండి. రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే అరటిముక్కలు కత్తితో పాటు బయటికొస్తాయి. ప్రతి కోతకీ కత్తి తుడవాలి. మొదటి ముక్క ఎప్పుడూ కొంచెం చెదురుతుంది, అది వంట చేసినవాళ్ల వాటా.

మీకు తగ్గట్టు మార్చుకోవడం

పాత్ర మారితే వైశాల్యం లెక్క వేయండి. 20 సెంటీమీటర్ల చదరం అంటే 400 చదరపు సెంటీమీటర్లు. అదే 20 గుండ్రటి పాత్రైతే దాదాపు 314, కాబట్టి అన్నీ ముప్పావు వంతు తీసుకోవాలి. 23కి 33 దీర్ఘచతురస్రపు ట్రే దాదాపు 760, కాబట్టి రెట్టింపుకి కాస్త తక్కువ. లోతు అలాగే ఉంచండి. పొరలు మందం చేస్తే చూడటానికి ఘనంగా ఉంటుంది, కోస్తే నిలవదు.

గ్లాసుల్లో విడివిడిగా చేయాలంటే పని సగం తగ్గుతుంది, ఎందుకంటే కత్తికి నిలవాల్సిన అవసరం లేదు. కార్న్‌ఫ్లోర్ 30 గ్రాములకి తగ్గించండి, పుడ్డింగ్ చెంచాకి మెత్తగా జారుతుంది. బిస్కెట్ పొడికి వెన్న సగం చాలు, అదమకండి. అప్పటికప్పుడు వడ్డించేలా ఉంటే బిస్కెట్ పొడిని అడుగున కాకుండా పైన, క్రీమ్ కింద వేయండి. కరకరలాడుతుంది. పార్టీలకి నేను ఇలా చేయడమే మంచిదంటాను.

కారమెల్ పొర కావాలనుకునేవాళ్లు ఎక్కువ. బిస్కెట్, కారమెల్, అరటిపండు, క్రీమ్‌తో చేసే బనోఫీ పై 1971లో ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ ప్రాంతంలో, జెవింగ్టన్ గ్రామపు ది హంగ్రీ మంక్ రెస్టారెంట్‌లో పుట్టింది. మన డెజర్ట్ దానికి చాక్లెట్ చుట్టం. కారమెల్ కోసం కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాని మూత తెరవకుండా నీళ్లలో గంటల తరబడి ఉడికించే పద్ధతి ఒకటి ఉంది. నీళ్లు ఇంకిపోతే డబ్బా పేలుతుంది, దాని జోలికి పోకండి. మందపాటి గిన్నెలో 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల బ్రౌన్ షుగర్ వేసి సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు తిప్పుతూ ఉడికిస్తే బంగారు రంగుకొచ్చి చిక్కబడుతుంది. ఇందులో సగమే వాడండి, చల్లార్చి చాక్లెట్ పూత మీద పలచగా పరవండి. అప్పుడు పుడ్డింగ్‌లో పంచదార 40 గ్రాములకి దించాలి, లేకపోతే రెండో చెంచాకే మొహం మొత్తుతుంది.

పాలు, వెన్న వద్దనుకుంటే పుడ్డింగ్‌కి చిక్కటి సోయా పాలు, లేదా 400 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలలో 200 నీళ్లు. అడుగు పొరలో 90 గ్రాముల వెన్నకి బదులు 75 గ్రాముల కొబ్బరినూనె చాలు. వెన్నలో దాదాపు అయిదో వంతు కొవ్వు కానిదే, నూనె మొత్తం కొవ్వే, అందుకే తగ్గించాం. వాసన లేని శుద్ధి చేసిన నూనె తీసుకోండి. పైకి కోకోనట్ క్రీమ్ డబ్బాని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కదపకుండా తెరిచి, పైన గడ్డకట్టిన భాగం మాత్రమే తీసి కొట్టండి. బిస్కెట్, చాక్లెట్ లేబుళ్ల మీద పాల పదార్థాలున్నాయేమో చూడటం మరవకండి.

గోధుమ పడనివాళ్లకి బిస్కెట్ బదులు వేయించిన పల్లీలు 150 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 50 గ్రాములు ముతకగా తిప్పి 60 గ్రాముల వెన్నతో కలపండి. నిజానికి పల్లీ, అరటి, చాక్లెట్ మూడూ కలిస్తే బిస్కెట్ కన్నా రుచిగా ఉంటుందని నా అభిప్రాయం. వడ్డించే ముందు మాత్రం పల్లీలున్నాయని తినేవాళ్లకి చెప్పాలి. వాటి అలర్జీ ప్రాణం మీదకి తెస్తుంది.

గుడ్డు రుచి ఇష్టమైతే రెండు పచ్చసొనలు వేసి కార్న్‌ఫ్లోర్ 30 గ్రాములకి తగ్గించవచ్చు. చల్లటి పాల పేస్ట్‌లోనే సొనలు కలిపేయండి. ఇక్కడ ఒక చిక్కుంది. పచ్చసొనలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము ఉంటుంది. మిశ్రమం బుడగలు వచ్చాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఉడికితేనే అది చస్తుంది. గుడ్డు విరిగిపోతుందని భయపడి ముందే దించితే, పుడ్డింగ్ సాయంత్రం చక్కగా ఉండి తెల్లారేసరికి పాయసంలా జారిపోతుంది. కార్న్‌ఫ్లోర్ తోడుంటే గుడ్డు అంత తేలిగ్గా విరగదు, ధైర్యంగా ఉడికించండి.

తీపి తగ్గించాలంటే పుడ్డింగ్‌లో పంచదార 50 గ్రాముల దాకా దించవచ్చు, బాగా పండిన అరటి ఆ లోటు పూడుస్తుంది. అంతకన్నా దించేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి: చల్లటి పదార్థంలో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి సరిపోయిందనుకుంటే ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పగా అనిపిస్తుంది. మిల్క్ చాక్లెట్ వాడితే పంచదార 40 గ్రాములకి తగ్గించి, కార్న్‌ఫ్లోర్ 5 గ్రాములు పెంచండి. అందులో కోకో తక్కువ, గట్టిదనం కూడా తక్కువే.

వెన్నలో, పంచదారలో వేయించిన అరటిపండు వేయాలనుకుంటే కాస్త గట్టిగా ఉన్న పండ్లు ఎంచుకుని, ఒక్కో వైపు నిమిషం మించకుండా వేయించి, పళ్లెంలో పూర్తిగా చల్లార్చి, కారిన రసం అక్కడే వదిలేసి ముక్కలు మాత్రం తీసుకోండి. అడుగున బిస్కెట్ బదులు కేకు పెడితే చాక్లెట్ పూత మానేయండి. కేకు కొంచెం నానితేనే బాగుంటుంది.

నిలవ ఉంచడం

5 డిగ్రీల లోపు ఉండే ఫ్రిజ్‌లో, మూత పెట్టి ఉంచితే రెండు రోజులు మంచి రూపంలో ఉంటుంది. మూత తప్పనిసరి, చాక్లెట్, క్రీమ్ రెండూ పక్కన ఉన్న ఉల్లిపాయ వాసన ఇట్టే పట్టేస్తాయి. బల్ల మీద రెండు గంటలకి మించి వదలకండి, ఎండాకాలంలో ఇంకా తక్కువ. డీప్ ఫ్రీజర్‌లో పెట్టే ఆలోచన వద్దు. కార్న్‌ఫ్లోర్ పుడ్డింగ్ గడ్డకట్టి కరిగాక స్పాంజిలా మారి నీరు కక్కుతుంది, అరటిముక్కలు ముద్దవుతాయి.

మూడో రోజుకి మిగిలిన మూలలూ చెదిరిన ముక్కలూ వాసన చూసి, బాగానే ఉంటే బిస్కెట్‌తో సహా మిక్సీలో వేసి, ఒక గ్లాసు చల్లటి పాలు పోసి తిప్పేయండి. చిక్కటి మిల్క్‌షేక్ అవుతుంది, పంచదార మళ్లీ వేయక్కర్లేదు.